3 0 0 3: యూనివర్సిటీ కోర్సు ఎలా తయారవుతుంది, ఎక్కడ గాడి తప్పుతుంది?

ఇంజనీరింగ్ సిలబస్ కాపీ ఏదైనా తెరిచి చూడండి. సబ్జెక్టు పేరు పక్కన ఎల్, టి, పి, సి అని నాలుగు అక్షరాలు, వాటి కింద 3 0 0 3 అని నాలుగు అంకెలు ఉంటాయి. తర్వాత కోర్సు లక్ష్యాలు, కోర్సు అవుట్‌కమ్స్ అని రెండు జాబితాలు. అవి దాటాకే అయిదు యూనిట్లు. పిల్లలు నేరుగా యూనిట్లకే వెళ్తారు, చాలామంది లెక్చరర్లూ అంతే. పైన ఉన్నదాన్ని శ్రద్ధగా చదివేది కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందు వారమే అన్నది స్టాఫ్ రూముల్లో పాత జోకు.

అయితే పదేళ్లుగా ఉన్నత విద్యలో జరుగుతున్న గొడవంతా ఆ పైభాగం గురించే. 2015లో యూజీసీ తెచ్చిన సీబీసీఎస్ (కోర్సులు ఎంచుకునే వీలున్న క్రెడిట్ పద్ధతి), 2020 జాతీయ విద్యా విధానం, 2022 డిసెంబరులో వచ్చిన నాలుగేళ్ల డిగ్రీ ఫ్రేమ్‌వర్క్, ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24లో మొదలైన సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు పద్ధతి), జేఎన్‌టీయూల ఆర్20, ఆర్22, ఆర్23 రెగ్యులేషన్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఇంట్లో ఒకరు డిగ్రీలో, ఒకరు బీటెక్‌లో ఉంటే ఇద్దరూ మాట్లాడే భాష పెద్దవాళ్లకు అర్థం కాదు. మేజర్, మైనర్, క్రెడిట్లు, సీఓలు, పీఓలు. వీటి వెనక ఉన్నది మాత్రం ఒక్కటే ప్రశ్న: ఒక సబ్జెక్టులో పిల్లలు ఏం నేర్చుకోవాలో ఎవరు తేల్చాలి, నేర్చుకున్నారో లేదో ఎవరు చూడాలి?

సిలబస్, కోర్సు, కరికులం: మూడూ ఒకటి కాదు

సిలబస్ అంటే అంశాల జాబితా, అంతవరకే. ఆ జాబితాను ఒక సెమిస్టర్‌లో ఎలా చెప్పారు, ల్యాబ్‌లో ఏం చేయించారు, అసైన్‌మెంట్‌గా ఏం ఇచ్చారు, మిడ్‌లో, సెమ్ పరీక్షలో ఏం అడిగారు అన్నదంతా కలిస్తే కోర్సు. అందుకే ఒకే సిలబస్‌తో రెండు కాలేజీల్లో రెండు వేరువేరు కోర్సులు నడవొచ్చు, నడుస్తున్నాయి కూడా. మూడు నాలుగేళ్లలో వచ్చే కోర్సులన్నీ ఏ వరుసలో రావాలి, ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడాలి అని చెప్పేది కరికులం, మన మాటలో పాఠ్యప్రణాళిక.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. మూడో సెమిస్టర్‌లో మ్యాట్రిక్సులు వస్తేగాని అర్థం కాని సబ్జెక్టు ఉంది. మ్యాట్రిక్సులు చెప్పే గణితం నాలుగో సెమిస్టర్‌లో ఉంది. విడివిడిగా చూస్తే రెండు సిలబస్‌లూ బాగానే ఉన్నాయి. రెండు కమిటీలూ తమ పని సరిగ్గానే చేశాయి. తప్పు కరికులంలో ఉంది, దానికి బాధ్యులు మాత్రం ఎవరూ లేరు.

రెగ్యులేషన్ అంటే ఈ మొత్తానికి రూల్ బుక్. ఆర్22 అంటే 2022లో చేరిన బ్యాచ్ నుంచి అమలయ్యేది. అటెండెన్సు చాలకో, క్రెడిట్లు చాలకో డిటైన్ అయి, తర్వాతి బ్యాచ్‌లో చేరిన విద్యార్థి ఒక్కోసారి కొత్త రెగ్యులేషన్‌లో పడతాడు. అప్పుడు తను చదవని సబ్జెక్టులు అదనంగా రాయాల్సి వస్తుంది. రెగ్యులేషన్ మార్పు కాగితం మీది వ్యవహారం కాదని ముందుగా తెలిసేది అతనికే.

క్రెడిట్ అంటే ఎవరి గంట?

3 0 0 3ని విడదీస్తే, వారానికి మూడు గంటల పాఠం, ట్యుటోరియల్ సున్నా, ప్రాక్టికల్ సున్నా, మొత్తం మూడు క్రెడిట్లు. వారానికి ఒక గంట పాఠం సెమిస్టర్ అంతా చెబితే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. యూజీసీ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. బీటెక్‌కు కూడా 160 చాలని సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2018 మోడల్ కరికులంలో చెప్పింది. అంతకుముందు చాలా చోట్ల అది 200 దాటి ఉండేది.

ఇంతవరకు లెక్క లెక్చరర్ గంటలది. విద్యార్థి గంటల లెక్క వేరే ఉంది. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్‌లో ఒక క్రెడిట్ అంటే 30 గంటల అభ్యసనం, ఏడాదికి 40 క్రెడిట్లు, అంటే 1200 గంటలు. యూరప్ దేశాల క్రెడిట్ కూడా దాదాపు ఇలాంటిదే, అక్కడ ఒక్కోదానికి 25 నుంచి 30 గంటలు. క్లాసులో కూర్చోవడంతోపాటు లైబ్రరీ, ఇంటి దగ్గర లెక్కలు చేయడం, ల్యాబ్ రికార్డు రాయడం, పరీక్షకు చదవడం అన్నీ ఇందులోకే వస్తాయి.

ఇప్పుడు మన టైంటేబుల్ పక్కన పెట్టి చూద్దాం. సెమిస్టర్‌కు 20 క్రెడిట్లు అంటే 600 గంటలు. 15 వారాలతో భాగిస్తే వారానికి 40. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి ఆరు రోజులు కాలేజీ ఉంటే 36 గంటలు క్లాసులోనే అయిపోయాయి. సొంతంగా చదువుకోవడానికి మిగిలింది వారానికి నాలుగు గంటలు. కాలేజీ బస్సు ప్రయాణం దీంట్లో కలపలేదు. క్రెడిట్లు తగ్గించినా ఖాళీ అయిన పీరియడ్లలో సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్ శిక్షణ) క్లాసులో, మరొకటో పెడితే విద్యార్థి గంటల్లో మార్పేమీ ఉండదు.

మూడు క్రెడిట్ల సబ్జెక్టుకు 45 గంటలన్నదీ కాగితం మీదే. రెండు మిడ్లకు చెరో వారం తీసేయండి. దసరానో సంక్రాంతో, కాలేజీ ఫెస్టు, ఒకటి రెండు బంద్‌లు. మొదటి ఏడాదైతే కౌన్సెలింగ్ ఆలస్యం. లెక్చరర్‌కు నిజంగా దొరికేవి 36, మహా అయితే 38. యూనిట్‌కు తొమ్మిది గంటల చొప్పున అయిదు యూనిట్లకు 45 గంటలు కావాలి. అందుకే అయిదో యూనిట్ ఆఖరి వారంలో పరుగెత్తుతుంది. సిలబస్‌లు ఎక్కువగా ప్రాథమిక భావనలతో మొదలై వాడకంతో ముగుస్తాయి. కాబట్టి సబ్జెక్టు దేనికి పనికొస్తుందో చెప్పే యూనిట్‌కే అన్నిటికన్నా తక్కువ సమయం దొరుకుతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు, ఆ వరుసే అలా చేయిస్తుంది. నా దృష్టిలో మన సిలబస్‌లన్నిటిలోకీ ఖరీదైన పొరపాటు ఇదే.

చివరి నుంచి మొదటికి: ఒక కోర్సును కట్టి చూద్దాం

అమెరికన్ విద్యావేత్త రాల్ఫ్ టైలర్ 1949లో పాఠ్యప్రణాళిక తయారీని నాలుగు ప్రశ్నలకు కుదించాడు. ఏం సాధించాలి? దానికి ఏ అనుభవాలు కావాలి? వాటిని ఏ వరుసలో పేర్చాలి? సాధించారో లేదో ఎలా తెలుస్తుంది? 1996లో ఆస్ట్రేలియన్ మనస్తత్వవేత్త జాన్ బిగ్స్ దీన్నే మరింత బిగించాడు. లక్ష్యం, బోధన, పరీక్ష మూడూ ఒకే దిక్కుకు లాగాలి, లేకపోతే విద్యార్థి పరీక్ష లాగే వైపుకే పోతాడు అన్నది స్థూలంగా అతని వాదన.

బీఎస్సీ కెమిస్ట్రీలో నీటి విశ్లేషణ మీద ఒక కోర్సు అనుకుందాం. మామూలు పద్ధతిలో అయితే యూనిట్లతో మొదలుపెడతాం. నీటి వనరులు, కాఠిన్యం, కాలుష్య కారకాలు, విశ్లేషణ పద్ధతులు, నీటి శుద్ధి. అవుట్‌కమ్ ఆఖర్న రాస్తాం: 'విద్యార్థి నీటి నాణ్యతను అర్థం చేసుకుంటాడు'. అర్థం చేసుకున్నాడని ఎలా తెలుస్తుందో ఆ వాక్యం చెప్పదు.

చివరి నుంచి వద్దాం. ఈ కోర్సు చదివిన విద్యార్థి చేతికి నల్గొండ జిల్లాలోనో, ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి వైపో ఒక బోరు నీటి రిపోర్టు ఇస్తే ఏం చేయగలగాలి? ఊహించిన రిపోర్టు ఒకటి చూడండి. లీటరుకు ఫ్లోరైడ్ 2.1 మిల్లీగ్రాములు, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) 900, నైట్రేట్ 30, పీహెచ్ 7.8. తాగొచ్చా?

2012 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్‌కు మామూలు హద్దు 1.0, వేరే నీటి వనరు లేనప్పుడు ఒప్పుకొనే గరిష్ఠ హద్దు 1.5. రెండూ దాటింది. టీడీఎస్ మామూలు హద్దు 500 దాటినా, గరిష్ఠ హద్దు 2000కు లోపే ఉంది. నైట్రేట్ హద్దు 45, ఫర్వాలేదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, ఉంది. కాబట్టి ఈ నీళ్లు తాగకూడదు, కారణం ఫ్లోరైడ్ ఒక్కటే. మరిగిస్తే పోతుందా? పోదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వాడే నల్గొండ టెక్నిక్‌తో తగ్గించవచ్చా? ఒక్క శాంపిల్‌తో ఇంత మాట అనొచ్చా?

ఇప్పుడు అవుట్‌కమ్ ఇలా రాయొచ్చు: 'నీటి పరీక్ష రిపోర్టు ఇస్తే విద్యార్థి ప్రమాణాలతో పోల్చి తాగొచ్చో లేదో కారణాలతో చెప్పగలడు, ఆ నిర్ణయానికి ఉన్న పరిమితులు చెప్పగలడు.' పరీక్షలో ఏం అడగాలో ఇందులోనే ఉంది. ల్యాబ్ ఏం కావాలో కూడా తెలిసిపోయింది. పిల్లలే ఊళ్ల నుంచి నీళ్లు తెచ్చి ఫ్లోరైడ్ కొలవాలి. అలాగైతే 3 0 0 3 సరిపోదు, 2 0 2 3 కావాలి. పాఠం గంట తగ్గింది కాబట్టి ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలి అన్న దగ్గర కమిటీలో అసలు పోట్లాట మొదలవుతుంది. ప్రతి అంశానికీ దాన్ని ఏళ్లుగా చెబుతున్న లెక్చరర్ ఒకరు ఉంటారు మరి.

పరీక్ష పేపరే అసలు సిలబస్

ఒకప్పటి జేఎన్‌టీయూ పేపర్లలో ఎనిమిది ప్రశ్నల్లో ఏవైనా అయిదు రాయమనేవారు. యూనిట్‌కు ఒక ప్రశ్న లెక్కన వస్తే మూడు యూనిట్లు ముట్టుకోకుండానే నూటికి నూరూ రాయొచ్చు. 'ఛాయిస్‌లో వదిలేయడం' అంటే ఇదే. తర్వాత ప్రతి యూనిట్‌కూ రెండు ప్రశ్నలిచ్చి ఒకటి రాయమనే పద్ధతి వచ్చింది. సిలబస్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, ఏ యూనిట్‌నూ పూర్తిగా వదిలేసే వీలు పోయింది. కోర్సు మారింది.

ప్రశ్న స్థాయికి 1956 నుంచి వాడుకలో ఉన్న బ్లూమ్ వర్గీకరణను కొలబద్దగా తీసుకుంటారు. 2001లో సవరించిన రూపంలో అది ఆరు మెట్లు: గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మంచిచెడ్డలు తేల్చడం, కొత్తగా సృష్టించడం. 'ఫ్లోరైడ్ వల్ల కలిగే నష్టాలు రాయండి' అన్నది మొదటి మెట్టు. పైన చెప్పిన బోరు రిపోర్టు ప్రశ్న నాలుగో మెట్టు దాటుతుంది. ప్రశ్నలో క్రియ మారిస్తే మెట్టు మారదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. 'నష్టాలను విశ్లేషించండి' అని అడిగినా, ఆల్ ఇన్ వన్ గైడ్‌లో ఉన్న పేజీనే జవాబైతే అది మొదటి మెట్టే.

అఫిలియేటెడ్ కాలేజీల, అంటే యూనివర్సిటీ సిలబస్, పరీక్షలతో నడిచే కాలేజీల చిక్కు ఇక్కడే ఉంది. సిలబస్ రాసేది యూనివర్సిటీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే కమిటీ. చెప్పేది కాలేజీ లెక్చరర్. పేపర్ సెట్ చేసేది వేరే ఊళ్లో ఇంకొకరు. జవాబు పత్రాలన్నీ ఒకచోట చేర్చి దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌లో దిద్దేది నాలుగో మనిషి. బిగ్స్ ఒకే దిక్కుకు లాగాలన్నవి ఇక్కడ ఒకరినొకరు కలవని నలుగురి చేతుల్లో ఉన్నాయి. వాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నవి పాత ప్రశ్నపత్రాలే. అందుకే పేపర్ సెట్టర్ పాత పేపర్లు చూస్తాడు, లెక్చరర్ వాటి నుంచే ఇంపార్టెంట్లు ఇస్తాడు, పిల్లలు అవే చదువుతారు. దీనికి పిల్లలను బద్ధకస్తులని తిట్టడం అన్యాయం. నేనూ అలా గట్టెక్కినవాణ్నే.

సీఓలు, పీఓలు: లెక్క ఎక్కడ తప్పుతుంది

సీఓ అంటే ఒక కోర్సు ఫలితం, పీఓ అంటే మొత్తం డిగ్రీ ఫలితం. ఇంజనీరింగ్‌లో ఈ గొడవ పెరగడానికి పెద్ద కారణం వాషింగ్టన్ అకార్డ్. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే ఒప్పందం అది. 2014 జూన్‌లో మన ఎన్‌బీఏ (ఇంజనీరింగ్ ప్రోగ్రాములకు అక్రెడిటేషన్ ఇచ్చే బోర్డు) అందులో శాశ్వత సభ్యత్వం పొందింది. అయితే ఆ గుర్తింపు టైర్-1 కింద అక్రెడిటేషన్ ఉన్న ప్రోగ్రాములకే, అంటే సొంతంగా కరికులం రూపొందించుకునే యూనివర్సిటీలకు, అటానమస్ కాలేజీలకే వర్తిస్తుంది. కాలేజీ బ్రోచర్‌లో 'ఎన్‌బీఏ' అని చూసి అమెరికా దాకా ఆలోచించే తల్లిదండ్రులు అడగాల్సింది, అది టైర్-1 కిందదేనా అని.

సీఓ ఎంతవరకు సాధించారో లెక్కించడాన్ని అటైన్‌మెంట్ అంటారు. 60 మంది క్లాసు అనుకోండి. 60 శాతం మార్కులు దాటినవాళ్లు క్లాసులో సగం ఉంటే స్థాయి 1, అరవై శాతం ఉంటే 2, డెబ్భై శాతం ఉంటే 3 అని కాలేజీ పెట్టుకుంది. ఇంటర్నల్స్‌లో సీఓ1 ప్రశ్నలకు 45 మంది దాటారు, అంటే 75 శాతం, స్థాయి 3. బోరు రిపోర్టు చదవాల్సిన సీఓ4లో 31 మందే దాటారు, 52 శాతం కూడా లేదు, స్థాయి 1.

ఇక సెమ్ పరీక్ష. యూనివర్సిటీ నుంచి కాలేజీకి వచ్చేది మొత్తం మార్కే, ప్రశ్నల వారీగా రాదు. 38 మంది దాటారు, 63 శాతం, స్థాయి 2. ప్రశ్నల వివరం లేదు కాబట్టి అన్ని సీఓలకూ అదే 2 వేస్తారు. ఇంటర్నల్స్‌కు 30, సెమ్‌కు 70 శాతం బరువిస్తే సీఓ1కి 0.9, 1.4 కలిపి 2.3. సీఓ4కి 0.3, 1.4 కలిపి 1.7. కాలేజీ లక్ష్యం 1.6 అయితే రెండూ 'సాధించినట్టే'. దాదాపు సగం క్లాసు చేయలేకపోయిన పని ఫైల్లో పచ్చగా కనిపిస్తుంది. లెక్కలో మోసం లేదు, ఉన్న సమాచారంతో అంతకన్నా చేయలేరు కూడా.

ఇవన్నీ చూసి, అవుట్‌కమ్స్ అనే ఆలోచనే దండగ అనేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో కాగితాల గోల ఒక్కటే లేదు. ఎంఏ తెలుగులో ప్రబంధ కవిత్వం కోర్సు ఉందనుకోండి. పద్యానికి ప్రతిపదార్థం చెప్పగలడా, ఛందస్సు గుర్తించగలడా అని కొలవొచ్చు. పదేళ్ల తర్వాత ఏదో సాయంత్రం ఆ పద్యం నోటికి రావడాన్ని ఏ సీఓలో రాస్తారు? మంచి పాఠం లెక్చరర్ కూడా అనుకోని చోటికి తీసుకెళ్తుంది, ముందే రాసిపెడితే ఆ దారి మూసుకుపోతుంది అంటారు. అవుట్‌కమ్స్‌ను సమర్థించేవాళ్ల జవాబు: నేర్చుకునేదంతా కొలవమని ఎవరూ అనడం లేదు, మార్కులు దేనికి వేస్తారో ముందే చెప్పమంటున్నాం. ఇంట్లో చెప్పేవాళ్లు లేని మొదటి తరం విద్యార్థికి ఆ మాట చాలా విలువైనది. నాకైతే రెండోది బలమైన వాదన అనిపిస్తుంది, కానీ సాహిత్యం చెప్పేవాళ్ల ముందు అంత ధైర్యంగా అనలేను.

ఒక మేజరా, మూడు సబ్జెక్టులా?

కోర్సు స్థాయి దాటి కరికులం స్థాయికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద చర్చ ఇదే. 2023-24కు ముందు బీఎస్సీ ఎంపీసీ అంటే గణితం, భౌతికం, రసాయనం మూడూ సమానం. సింగిల్ మేజర్‌లో ఒకటి ప్రధానం, ఒకటి మైనర్.

లోతు కావాలంటే మేజరే దారి అన్నది ఒక పక్షం. మూడు సబ్జెక్టులు సమానంగా చదివినవాడు పీజీ మొదటి ఏడాదిలో ఇబ్బంది పడతాడని, బయటి దేశాల్లో డిగ్రీలు చాలావరకు మేజర్ చుట్టూనే ఉంటాయని వాళ్లంటారు. రెండో పక్షం బడి నుంచి మొదలుపెడుతుంది. ఫిజికల్ సైన్స్ టీచర్ భౌతికం, రసాయనం రెండూ చెప్పాలి. ఇంటర్ అయిన పదిహేడేళ్ల పిల్లాడు ఒక్క సబ్జెక్టును ఎంచుకునేంత సమాచారం ఎక్కడ దొరుకుతుంది? చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో అందరూ కంప్యూటర్స్ మేజర్‌కే పోతే భౌతిక శాస్త్రం చెప్పే లెక్చరర్ ఎవరికి చెప్పాలి? నిజానికి రెండు పక్షాలూ ఇద్దరు వేరువేరు విద్యార్థుల గురించి మాట్లాడుతున్నాయి. ఒకరికి పీజీ గమ్యం, ఒకరికి డీఎస్సీ.

ఉద్యోగ నైపుణ్యాల చర్చ కూడా ఇలాగే నడుస్తుంది. ఏపీ డిగ్రీలో 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. ఆలోచన మంచిదే. ఇంటర్న్‌షిప్ ఇచ్చే సంస్థలు హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఉంటే మారుమూల మండలంలోని కాలేజీ పిల్లలకు సర్టిఫికెట్ మాత్రమే దొరికే ప్రమాదం ఉంది.

అటానమీ వస్తే సరిపోతుందా?

నలుగురి చేతుల్లో ఉన్నదాన్ని ఒకరి చేతిలో పెట్టడమే అటానమీ. బోర్డ్ ఆఫ్ స్టడీస్ కాలేజీదే, యూనివర్సిటీ నామినీ, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు అందులో ఉంటారు. ప్రశ్నల వారీగా మార్కులు కాలేజీ దగ్గరే ఉంటాయి, కాబట్టి సీఓ4లో క్లాసు ఎక్కడ పడిపోయిందో దాచలేరు. అయిదో యూనిట్‌ను మూడోదిగా జరపాలంటే యూనివర్సిటీ కొత్త రెగ్యులేషన్ తెచ్చేదాకా ఆగక్కర్లేదు.

దీనికి అవతలి వైపు కూడా ఉంది. చెప్పినవాళ్లే పేపర్ ఇచ్చి, వాళ్లే దిద్దితే ఆ మార్కులను బయటివాళ్లు ఎందుకు నమ్మాలి? వందల కాలేజీల మధ్య ఒకే కొలత ఉండాలనే యూనివర్సిటీ పరీక్ష పుట్టింది. అది పోతే పేరున్న కాలేజీ 8 సీజీపీఏకి, పేరు లేని కాలేజీ 8 సీజీపీఏకి మధ్య తేడా కంపెనీలు సొంతంగా ఊహించుకుంటాయి. నష్టం రెండో కాలేజీలోని మంచి విద్యార్థికి.

అటానమస్ అయినా, అఫిలియేటెడ్ అయినా, చివరికి జవాబు పత్రం ఒక స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ముందుకు, అంటే దేనికెన్ని మార్కులో రాసిన కాగితం ముందుకు వస్తుంది. బోరు రిపోర్టు ప్రశ్నే అడిగారనుకుందాం. స్కీమ్‌లో 'హద్దు 1.5, ఫ్లోరైడ్ 2.1, తాగరాదు' అని ఉంది. ఒక విద్యార్థి అదంతా రాసి, 'కానీ ఇది వానాకాలం తర్వాత తీసిన ఒక్క శాంపిల్ అయితే సరిపోదు, ఎండాకాలంలో మళ్లీ తీసి చూడాలి' అని ఇంకో వాక్యం చేర్చింది. అవుట్‌కమ్‌లో పరిమితులు చెప్పగలగాలి అని రాసుకున్నది ఈ వాక్యం కోసమే. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలు ముందు పెట్టుకున్న ఎగ్జామినర్ స్కీమ్ చూస్తాడు. ఆ వాక్యానికి అందులో అర మార్కు కూడా కేటాయించి ఉండదు. టిక్ పెట్టి పేజీ తిప్పుతాడు.